కిందికి దిగిన క్రేనన్న

క్యారియర్, నీళ్ల సీసా, కుర్చీ మీద పరుచుకునే పాత తువ్వాలు సంచిలో సర్దుకుని అతను క్రేన్ నిచ్చెన దిగాడు. ఈ మధ్యాహ్నం నుంచి పైన ఆ అద్దాల గదికి మనిషి అక్కర్లేదు. కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేవాడే మెడలో రిమోట్ పెట్టె వేసుకుని క్రేన్ నడుపుతాడు. రెండు పనులకూ ఒక్కడు చాలని పైవాళ్లు తేల్చేశారు.

ఇంజినీరమ్మ వచ్చాక సైటులో పద్ధతి మారింది. పని ఎలా బాగుపడుతుందో పనివాళ్లనే అడుగుతుంది. చెప్పిందెవరో బయటపెట్టదు. ఆడవాళ్లకు తలుపున్న స్నానాల గది అలాగే వచ్చింది. రిమోటూ అలాగే వచ్చింది.

"రా క్రేనన్నా, ఇలా కూర్చో." తాపీమేస్త్రీ పక్కకు జరిగాడు.

దిగి ఎక్కేసరికే భోజనాల వేళ అయిపోతుందని ఇన్నేళ్లూ అతను పైనే తిన్నాడు. అక్కణ్ణుంచి వీళ్ల నవ్వులు కనిపించేవి, వినిపించేవి కావు.

"ఎవడో పాడు సలహా చెప్పి అన్న నోట్లో మట్టి కొట్టాడు. వాడి చేతులు విరగ!" అంది ఇటుకలు మోసే అక్క.

సిగ్నల్ మనిషి ముద్ద నోట్లో పెట్టలేకపోయాడు. "అందరూ నన్నే అనుమానంగా చూస్తున్నారన్నా. ఒట్టు, నేను కాదు."

"నువ్వు కాదని నాకు తెలుసులేరా. తిను." అతను తన గిన్నెలోని కూర వాడికి వడ్డించాడు.

"నీకెలా తెలుసు?" అక్క వదల్లేదు.

"ఎవరో పాపం, మంచికే చెప్పుంటారు. ఇంక ఊరుకో అక్కా."

అటుగా వచ్చిన ఇంజినీరమ్మ అతన్ని చూసి ఆగింది. చేతిలోని కాగితాల్లోకి తల దించుకుని వెళ్లిపోయింది.

మాట మార్చడానికి మేస్త్రీ అడిగాడు. "పైనుంచి మేం ఎలా కనిపించేవాళ్లం అన్నా? చీమల్లాగానా?"

"చీమలకు బట్టతల ఉండదుగా మేస్త్రీ. నీది తళతళా మెరిసేది."

అందరూ గొల్లుమన్నారు. నవ్వు ఎంత పెద్దదో అతనికి ఇవాళే తెలిసింది.

కాసేపటికి ఒక్కొక్కరే పనిలోకి లేచారు. పైన క్రేన్ చెయ్యి ఖాళీ గదితో మెల్లగా తిరిగింది. అతను క్యారియర్ కడిగి, మూత బిగించి, గేటు వైపు నడిచాడు.

రిమోట్ తన మెడలోనే ఉంటుందనుకుని, రోజూ అందరితో కలిసి తినొచ్చని ఆశపడి, ఇంజినీరమ్మకు ఆ సలహా చెప్పింది అతనే.