సప్పుడు తీసిన బుల్లెట్

"ఇంజనుకు ఇంత అన్యాయం చేసినోడు మనిషేనా!" మెకానిక్ రామ్‌చందర్ విప్పిన సైలెన్సర్‌ని ఎత్తి చూపించాడు. "చూడుండ్రి సారూ, సప్పుడు ఆపే చిల్లుల గొట్టమే లేదు. పీకేసిండు. లోపలంత ఉత్త డొల్ల."

చెంచురామయ్య స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం ఆయనది. అశ్వారావుపేట చుట్టుపక్కల అందరికీ సూదుల సారే. ఈ ముసలి బుల్లెట్‌ని నాలుగు నెలల కింద, రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న ఫారెస్టరు వెంకటప్పయ్య దగ్గర కొన్నాడు. ఆ రోజు నుంచీ ఒకటే తంటా.

"వాగవతలి తండాకు మూడుసార్లు పోయాను. మూడుసార్లూ పొయ్యి మీద కూర ఉడుకుతోంది, మనిషి మాత్రం లేడు. ఈ మోత వినపడగానే ఫారెస్టోళ్లొచ్చారని పిల్లల్ని చంకనేసుకుని అడవిలో పడుతున్నారయ్యా!"

"నడిచి పోరాదు?" నవ్వాడు రామ్‌చందర్.

"ఇరవై కిలోమీటర్లు, ఈ ఎండల్లో! డబ్బాలో ఐసు కరిగిపోతే మందు దేనికి పనికొస్తుంది? పక్క తండాలో తట్టుకు ఇద్దరు పిల్లలు పోయారు రామ్‌చందర్. నాకు కంటి మీద కునుకు లేదు."

రామ్‌చందర్ నవ్వు ఆపి ఇంజను పక్కమూత విప్పాడు. "ఓర్నీ! టైమింగు గూడ కావాలనే వెనక్కి జరిపిండు. పెట్రోలు సగం సైలెన్సర్ల పేలుతాంది. బండికి బలం లేదు, మోత మాత్రం ఊరంత. సొంత పెట్రోలు తగలబెట్టి మరీ సప్పుడు కొనుక్కున్నడు."

"జబర్దస్తీ చూపించుకోడానికి."

"ఏం జబర్దస్తీ సారూ! పదకొండేండ్లు పెద్దాఫీసర్లను వెనక ఎక్కించుకొని తిరిగిండు. ఆ తండాల గొడ్డలి పట్టినోడు ఒక్కడన్న దొరికిండా? ఉత్త చేతగానోడు!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది చెంచురామయ్యకు. బండి అమ్మేటప్పుడు ఫారెస్టరు ఓ గుడ్డమూట చేతిలో పెట్టి, "పారెయ్యకండి, మీకు దీంతో పనిపడుతుంది" అన్నాడు. సీటు కింది పెట్టెలోంచి తీసి విప్పితే అదే చిల్లుల గొట్టం. గ్రీజు పూసి ఉంది, ఎక్కడా తుప్పు లేదు.

"పీకినోడు గింత భద్రంగ ఎందుకు దాచిండో," అన్నాడు రామ్‌చందర్.

సాయంత్రానికి గొట్టం లోపలికి వెళ్లింది, టైమింగు కుదిరింది. కిక్కు కొడితే బుల్లెట్ మెత్తగా గొణిగింది. చెంచురామయ్య దాని ట్యాంకు నిమిరాడు.

మర్నాడు పొద్దున్నే వాగు దాటాడు. తండాలో ఎవరూ ఉరకలేదు. బండి వాకిట్లో ఆగేదాకా ఎవరూ తలే ఎత్తలేదు. బిడ్డకు తల దువ్వుతున్న సోమ్లి ఉలిక్కిపడి లేచింది. తండా పెద్ద గోప్యా కర్ర ఊతంతో వచ్చాడు.

"ఎవలు సారూ నువ్వు?"

"పిల్లలకు సూది మందు తెచ్చాను పెద్దాయనా. తట్టు రాకుండా."

ఆ మాటతో సోమ్లి బిడ్డను ముందుకు తెచ్చింది. ఆమె వెనక మిగతా తల్లులు. ఇరవై ముగ్గురు పిల్లలు తండా ఎగిరిపోయేలా ఏడ్చారు. చివరి సూది కూడా అయ్యేసరికి డబ్బాలో ఇంకా ఐసు ఉంది. "హమ్మయ్య!" అంటూ చెంచురామయ్య మంచం మీద కూలబడి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

గోప్యా బండి చుట్టూ తిరిగాడు. "ఇది ఫారెస్టరు సారు బండి గద? సప్పుడేమైంది?"

"తీసేయించాను. ఇంక మీకు ఆయన భయం లేదు."

"ఆయనంటే భయమేంది?" గోప్యా వింతగా చూశాడు. "ఆఫీసర్లు వచ్చేలోపల మేం తప్పుకోవాలనే గద సారూ, ఆయన దానికి మోత పెట్టింది."