బీరువాలో బ్యాడ్జీ

“ఇది ఇక్కడుందేమిటే?”

డ్యూటీకి బయల్దేరిన మా అమ్మాయి, నా చేతిలో బ్యాడ్జీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

వాళ్ళ ఫ్యాక్టరీలో పసుపు రంగు యురేనియం ముద్దని కొలిమిలో కాల్చి నల్లటి ఆక్సైడ్ పొడి చేస్తారు. కరెంటు తయారీకి ఇంధనం అందులోంచే వస్తుందట. మా అమ్మాయి పని ఆ కొలిమి దగ్గరే. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే బ్యాడ్జీ ఇది. నెలకోసారి ఫ్యాక్టరీలో దీన్ని పరీక్షించి, ఆ అంకె వేసి రిపోర్టు ఇస్తారు. గుండెల మీద ఉండాల్సింది, నా బీరువాలో చీరల అడుగున దొరికింది.

“మర్చిపోయానమ్మా.”

“మరి నీ చొక్కాకున్నదేమిటి?”

“పాతది. పోయిందని చెప్పి దాచుకున్నాను. గేటు దగ్గర చూపించడానికి.”

“ఎన్నాళ్ళనుంచి?”

“అంకె పెరిగితే ఉద్యోగం మానేస్తానని నీకు ఒట్టేశాను కదా, అప్పట్నుంచి.”



“ఏడాదిన్నర! నెలనెలా రిపోర్టు తెచ్చి, ‘చూడు పిరికి అమ్మా, సున్నా!’ అని నవ్వేదానివే!”

“నువ్వు నిద్రపోతావని...”

“పోయానే. నీ మాట నమ్మి హాయిగా నిద్రపోయాను.”

ఆ రిపోర్టులన్నీ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. వాటిలో ఉన్నది నా బిడ్డ క్షేమం కాదు, నా చీరల క్షేమం.

“ఈ ఏడాదిన్నరలో నీకెంత తగిలిందో ఇప్పుడెవరు చెప్తారే?”



“ఎవరూ చెప్పలేరమ్మా” అంది.

ఆ గొంతులో మొదటిసారి నా భయం వినిపించింది.