లెక్కలోంచి తీసేసిన ఒంటె

"ఆ ఒంటె రక్తం మళ్ళీ కావాలి తాతా," అంది కున్‌సులు, జీపు దిగీ దిగకుండానే. ఆమె జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది విద్యార్థిని.

ఒంటెల దొడ్డి దగ్గర నిలబడ్డ తోలెగెన్, ఆమె చేతిలోని సూదుల పెట్టె చూశాడు.

"ముందు ఒంటె పాలు తాగు. వస్తూనే రక్తం అడిగితే ఒంటెలు జడుసుకుంటాయి."

ఆమె గిన్నె అందుకుంది కాని తాగలేదు.

"నేను తప్పు చేశాను తాతా. పోయినసారి మీ ఒంటెల రక్తం తీసుకెళ్ళాను కదా. ఉప్పు బాగా తగ్గించిన నీళ్ళలో వేస్తే అన్నింటి రక్తకణాలూ పగలకుండా నిలబడ్డాయి, అచ్చం మంచినీళ్ళు తాగే నది ఒడ్డు ఒంటెల్లాగే. ఒక్కదానివి మాత్రం బలం లేనట్టు వెంటనే పగిలిపోయాయి."

"దేనివి?"

"చెవి చీలిన దానివి. ఆ ఒక్క అంకె వల్ల నా లెక్కంతా చెడుతోంది. పరీక్షలో పొరపాటు జరిగిందనుకుని తీసేశాను." ఆమె ఆగింది. "అనుకోలేదు. అలా అనుకుంటే బాగుండునని అనుకున్నాను."

"ఒక్క ఒంటె కోసం ఇంత దూరం వచ్చావా? మా ఆవిడ నాకోసం గడప దాకా కూడా రాదు."

కున్‌సులు నవ్వలేదు.

"మీ ఉప్పు బావి నీళ్ళు ఒంటెలకు ఏ హానీ చేయవని నా పరిశోధన వ్యాసంలో రాశాను. రేపు దాన్ని విశ్వవిద్యాలయంలో పరీక్షకుల ముందు చదవాలి. మీకు నది నీటి గొట్టం వేయాలా వద్దా అన్నది జిల్లా వాళ్ళు దాన్నిబట్టే తేలుస్తారు. మళ్ళీ పరీక్షించి, నిజమైతే అక్కడే చెప్పేస్తాను. పట్టా పోతే పోనీ."

తోలెగెన్ నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

"గొట్టం రాదా?"

"నేను రాసింది రాసినట్టు ఉంటే రాదు."

"పోయినసారి నువ్వు వస్తున్నావని కబురు వచ్చినప్పుడు నా మంద మేతకు ఎటో వెళ్ళిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. అంత దూరం నుంచి వచ్చే ఆడపిల్లను వట్టి చేతులతో పంపితే నలుగురిలో తలెత్తుకోగలనా? నది ఒడ్డున మా వియ్యంకుడి ఒంటెలుంటే తోలుకొచ్చాను. ఏ ఒంటైనా ఒంటే కదా అనుకున్నాను."

కున్‌సులు గిన్నె తొట్టి గట్టు మీద పెట్టేసింది.

"అన్నీ ఆయనవేనా తాతా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాలు నొప్పితో దొడ్లోనే ఉండిపోయిందొకటి, దాన్నీ వాటిలో నిలబెట్టాను. నువ్వు తీసేసిందొక్కటే తల్లీ, నా బావి నీళ్ళు తాగింది."