మట్టి తిన్న చుక్క

"దాన్ని తీసెయ్యమంటున్నారమ్మా," అంది ఏంజెల్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

"ఎవర్నే?" గురజాల అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలుస్తూ అడిగింది ఎస్తేరు.

"నలభై మూడో నక్షత్రాన్ని. నాలుగింటికల్లా లిస్టు పంపాల. ఇది ఈ గుంపుది కాదు, కొట్టెయ్ అన్నారు మా సారు."

పీహెచ్‌డీ చేసే కూతురు సెలవులకొచ్చినా చుక్కల్ని వెంటబెట్టుకునే వస్తుంది. ఆ లెక్కలేవీ ఎస్తేరు బుర్రకెక్కవు. కానీ ఒక్క సంగతి విన్నప్పటి నుంచీ ఆమెకు ఒళ్ళు పులకరిస్తూనే ఉంది. ఆ గుంపులోని చుక్కలన్నీ ఒకే మబ్బులో, ఒకే కాన్పులో పుట్టాయట. వెలుగును విడదీసి చూస్తే దేంట్లో ఏముందో తెలుస్తుందట. అన్నింటిలోనూ అవే పాళ్ళట!

"తోబుట్టువును కొట్టెయ్యడమేందే?"

"తోబుట్టువేనమ్మా! వయసు అదే, నడక అదే. వాటితోనే పోతంది. కానీ దీంట్లో ఇనుము ఎక్కువ. మెగ్నీషియం, సిలికాన్ కూడా ఎక్కువ. కార్బన్ మాత్రం అన్నిటితో సమానం. ఎందుకిట్టా ఉందో చెప్పలేకపోతే నా రెండేళ్ళ పని గంగలో కలిసినట్టే." ఏంజెల్ కళ్ళు తుడుచుకుంది.

గోడ దగ్గరున్న పిల్లను చూసి ఎస్తేరు అటు పరుగెత్తింది. "ఓసే ఆసియా, ఉమ్మెయ్!"

మూడేళ్ళ ఆసియా మూతిని కొంగుతో తుడిచి, చంకనేసుకుని వచ్చింది.

"ఇది చూడు. అందరికీ అదే పప్పు, అదే గుడ్డు. తూకమేస్తే దీనికొక్కదానికే తేడా. నెల్రోజులు కనిపెడితే తేలింది, దొంగమొహం మట్టి తింటంది! నీ చుక్క కూడా మట్టి తినుంటదిలే, ఏడవమాక."

నవ్వబోయిన ఏంజెల్ ఆగిపోయింది. ఇనుము, మెగ్నీషియం, సిలికాన్. గబగబా రాళ్ళలో, మట్టిలో ఉండే పాళ్ళ పట్టిక తెరిచి, చుక్కలో ఎక్కువైన వాటి పక్కన పెట్టింది. వరసగా సరిపోతున్నాయి. ఎక్కువైనదంతా కలిపి ఎంత బరువో లెక్క కట్టింది.

'తీసెయ్యొద్దు సర్. ఇది ఆ ఇంటి బిడ్డే,' అని మెయిల్ కొట్టింది.

"నిజంగానే మట్టి తిన్నదమ్మా!"

"చూశావా!" పకపకా నవ్వింది ఎస్తేరు. "ఎంత తిన్నదంట?"

ఏంజెల్ తెర మీది అంకెను మరోసారి చూసుకుంది. తర్వాత తన కాళ్ళ కిందున్న నేలను చూసింది.

"మన భూమంతటి గ్రహాలు ఐదు."