వినోద టీచర్ కొన్న ఆటలు

"ఏ తమ్మీ, ఆ పైనున్న డబ్బా జర తియ్యి."

వినోద అలా అనగానే, గోడ పక్కన నిలబడ్డ మనిషి తిరిగి చూశాడు. ఒక్క క్షణం ఆగి, స్టూలు లాక్కుని ఎక్కి, డబ్బా దించి ఇచ్చాడు.

వరంగల్ చౌరస్తా దగ్గరి ఆ ఆటబొమ్మల దుకాణంలో శనివారం రద్దీ ఎక్కువ. యజమాని చంద్రమౌళి గల్లా ముందు కూర్చుని తల ఎత్తకుండా బిల్లులు రాస్తున్నాడు.

వినోదకు తొందరగా ఉంది. సోమవారం హనుమకొండలో ఆమె ప్లేస్కూల్ మొదలవుతుంది. మూడేళ్ల పిల్లల చేత పొద్దస్తమానం అఆలు దిద్దించే బడిలో ఆరేళ్లు పనిచేసి, ఇక నావల్ల కాదని బయటికొచ్చింది. పెన్సిల్ పట్టేముందు వేళ్లు ఆడాలి, కాళ్లు నిలవాలి అని ఇంటింటికీ తిరిగి చెప్పి ఇరవై రెండు మందిని చేర్చుకుంది. చెప్పడమైతే చెప్పింది గాని, ఏ ఆట దేనికి పనికొస్తుందో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే.

డబ్బాలో రంగురంగుల పూసలు ఉన్నాయి, దారానికి గుచ్చే ఆట.

"గిది వద్దు మేడం," అన్నాడతను.

"ఎందుకు? వేళ్లకు మంచిదట గదా?"

"మంచిదే. కానీ పూసలు శనగ గింజలంత ఉన్నయ్. మూడేండ్లోళ్లు ముందుగాల నోట్లనే పెట్టుకుంటరు. గా పెద్ద చెక్కపూసలు తీస్కోండ్రి. దారం బదులు బూటు లేసు ఇయ్యిండ్రి. కొస గట్టిగుంటది, పిల్లలకు అలకగ గుచ్చొస్తది."

వినోద డబ్బా పక్కన పెట్టి, బట్టల క్లిప్పుల ప్యాకెట్ చూపించింది.

"గిది కొనుడెందుకు? ఇంట్ల దండెం మీద ఉంటయ్ గద. గిన్నె అంచుకు పెట్టుకుంట తీసుకుంట ఆడుకోమనుండ్రి. గంటసేపు లేవరు."

"దుకాణంల పని చేస్కుంట కొనొద్దంటున్నవ్! మీ సేటు ఇన్నడంటే పనిలకెల్లి తీసేస్తడు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ తర్వాత అంతా ఆమె అడగడం, అతను చెప్పడం. వేళ్లతో తిప్పి బిగించే చెక్క బోల్టులు తీసుకొమ్మన్నాడు. పిల్లలు పడిపోకుండా నడవడం నేర్చే సన్నని బల్ల ఎత్తు ఎక్కువ ఉంది, ముందు నేల మీద రంగు టేపు అతికించి దాని మీద నడిపించమన్నాడు.

"ఇంకొకటి తమ్మీ. ఒంపు తిరిగిన చెక్క పలక ఉంటది సూడు, పిల్లలు ఎక్కి అటిటు ఊగుతరు. నిలకడ వస్తదట. అది ఉన్నదా?"

అతను లోపలి గది వైపు ఒకసారి చూశాడు.

"ఒక్కటే ఉన్నది మేడం."

"ఒక్కటైనా సరే."

"ఎంతమంది పిల్లలు మీ దగ్గర?"

"ఇరవై రెండు."

అతను లోపలికి వెళ్లి, అట్టపెట్టెలోంచి పలక తీసి తెచ్చాడు. అంచు వెంట అరచేయి నిమిరి చూసి కింద పెట్టాడు.

"మొదాల్నే ఊగనియ్యొద్దు. కింద రెండు దిక్కులా పాత చీర మడతపెట్టుండ్రి, కదలకుంట ఉంటది. భయం పోయినంక తీసెయ్యుండ్రి. పడ్డరని ఉరికి లేపొద్దు. ఆళ్లే లేస్తరు."

చెప్పులు విడిచి తానే ఎక్కాడు. చేతులు బార్లా చాపి, రెండుసార్లు ఊగి, దబ్బున కిందికి దిగాడు. వినోద పగలబడి నవ్వింది.

గల్లా దగ్గర ఆ పలకను చూసి చంద్రమౌళి పెన్ను ఆపాడు.

"అదా?"

"అదే సేటు. మేడంకు రాయి."

సేటు ఇంకేదో అనబోయాడు. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు.

"ఆటో ఆగదట తమ్మీ, జర జల్ది," అంది వినోద. అతను సామానంతా ఒక్కసారే భుజానికెత్తి ఆటోలో సర్దాడు. పలకను మాత్రం ఆమె ఒడిలో పెట్టాడు.

"కింద పెడితే గీతలు పడతయ్," అన్నాడు.

మూడు వారాలు గడిచాయి.

బడిలో మానస అని ఒక పిల్ల. రెండు వారాలు గోడను వదల్లేదు. మూడో శుక్రవారం ఎవరూ చెప్పకుండానే వచ్చి పలక ఎక్కింది. ఊగింది. పడింది. పరుగెత్తబోయిన వినోద మధ్యలోనే ఆగిపోయింది. పిల్ల లేచి, గౌను దులుపుకుని, మళ్లీ ఎక్కి అరిచింది.

"టీచర్! నేనే!"

ఆ సాయంత్రమే వినోద మిఠాయి డబ్బాతో దుకాణానికి వెళ్లింది.

"మీ దగ్గర పనిజేసే తమ్మి ఏడి సేటూ? వారానికొక్క రోజు మా బడికి పంపరాదు? నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు."

చంద్రమౌళి ఆమెను గుర్తుపట్టాడు.

"నా దగ్గర పనోళ్లు ఎవ్వరూ లేరు మేడం."

"గారోజు నాకు అన్నీ చూపించిండు గదా! సామాను ఆటోల పెట్టిండు!"

"ఆయన శేఖర్. కేసముద్రం మార్కెట్ల హమాలి. మీలెక్క కొననీకె వచ్చినోడే."

వినోద మిఠాయి డబ్బాను గల్లా మీద పెట్టింది. స్టూలు ఎక్కించింది. మూట మోయించింది. అంతసేపు అన్నీ చెప్పించుకుని, పేరైనా అడగలేదు.

"మరి నేను దుకాణం మనిషిని కానని చెప్పొచ్చు గద!"

"నేనూ అదే అడిగిన. 'మేడం పిల్లల గురించి అడిగింది, తెలిసింది చెప్పిన' అన్నడు."

"ఆయనకెట్ల తెలుసు ఇవన్నీ?"

"నాలుగేండ్ల బిడ్డ ఉన్నది మేడం, మహిత. పుట్టినప్పటి సంది కాళ్లల్ల బలం లేదు, వేళ్లు ముడుసుకుంటయ్. వారం వారం ఈడికి దవాఖానకు ఎత్తుకొస్తడు. డాక్టరమ్మ చెప్పిన ఆటలన్నీ ఇంట్ల తనే ఆడిపిస్తడు, తన పాదాల మీద నిలబెట్టుకుని ఊపుతడు."

చంద్రమౌళి పెన్ను పక్కన పెట్టాడు.

"ఆ పలక హైదరాబాద్ నుంచి ఆయన కోసమే తెప్పించిన. మీరు పోయినంక, ఇదేం పని శేఖర్ అని కోపం జేసిన. 'ఇరవై రెండు మంది నేర్చుకుంటరు సేటూ, ఇంకో పలక వచ్చేదాక మా మహిత ఒక నెల నా కాళ్ల మీదనే నిలబడతది' అన్నడు."