ఫరుష్క తరఫున జవాబు

కమిటీ పెద్దలకు, మూడో అంతస్తు ముసలిదాన్ని. నాకు రాయడం రాదు, చెప్పి రాయిస్తున్నాను. అబీలియో గారి ఫిర్యాదు మీద నా పిల్లి ఫరుష్కను మేడలోంచి పంపేయాలన్నారట. ముందు నా మాట వినండి.

దానికి ఒంటికి పోతే మంటెత్తే జబ్బు చేసింది. మందుతో తగ్గింది గానీ, ఆ నొప్పంతా తను ఒంటికి పోయే ఇసుక పెట్టె వల్లే వచ్చిందనుకుని మళ్లీ దాని మొహం చూడలేదు. పోయి పోయి అబీలియో గారి గుమ్మంలో, కాళ్లు తుడుచుకునే పట్టా మీద కూర్చుంది. లిస్బన్‌లో అందరిలాగే ఆయనా పిల్లులు బెదిరి పోతాయని నీళ్లు నింపిన సీసాలు కాపలా పెట్టాడు. ఫరుష్క వాటికి వీపు ఆనించి మరీ కానిచ్చింది.

పశువుల డాక్టరమ్మ, "దాని మనసుకు నచ్చినదేదో పెట్టెలోనే వెయ్యండి" అంది. వేశాను. ఆదివారం నుంచి ఒక్క చుక్క బయట పడలేదు. ఇక దాన్ని పంపేయడం దేనికి?

ఇక్కడ రాసే చెయ్యి ఆగింది.

"ఏం వేశావు అవ్వా?"

"నువ్వు రాయి అబీలియో. ఈ మేడలో దస్తూరి బాగున్నది నీకొక్కడికే."

"నా పట్టా ఆదివారం నుంచే కనపడట్లేదు."

"అదీ రాయి. సగమే కోశాననీ, మిగతా సగం ఉతికి ఆరేశాననీ కూడా రాయి."