పొడి బట్టల సంచి

"మునిగేవాడు కనిపిస్తే ముందేం చేయాలి?" రేవు మెట్లు దిగుతూ భార్య అడిగింది.

"కేకేసి ధైర్యం చెప్పాలి. కర్ర అందితే కర్ర, అందకపోతే తాడు. దూకడం ఆఖరి మాట." పడవ సరంగు గడగడా అప్పజెప్పాడు.

"మరి రెండుసార్లూ ఎందుకు దూకారు?"

"నీళ్ళలో ఏదైనా మునుగుతుంటే నా కాళ్ళు ఆగవే. ఏం చేయను?"

మునిగింది ఇసుక నింపిన బొమ్మ. దానికోసం దూకే ఆయన సరంగులకు పెట్టే రక్షణ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఇవాళా తప్పితే పడవ చేజారిపోతుంది. ఇక టికెట్ల కిటికీ వెనక కూర్చోవడమే.

"ఊరెళ్తున్నట్టు ఆ సంచేంటి?"

"పొడి బట్టలు. మీ సంగతి నాకు తెలీదూ?"

"ఒక్క మంచిమాట రాదు కదా నీ నోట!" ఆయన మొహం మాడ్చుకున్నాడు.

రేవు మీద ఎవరైనా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. ఆమె తన జాకెట్ పట్టీలు రెండుసార్లు లాగి చూసుకుంది. కళ్ళజోడూ ఫోనూ సంచి పక్క జేబులో పెట్టి, సంచిని బెంచీ మీద ఉంచింది.

"బొమ్మని దింపండి" అన్నాడు పరీక్షాధికారి.

బొమ్మ కంటే ముందు ఆమె పడింది. అంచున కాలు జారినట్టుంది, దభేలుమని.

"అయ్యో!" సరంగు కాళ్ళు అంచు వైపు పోయాయి.

"దూకారంటే ఊరుకోను!" నీళ్ళలోంచి కేక వినిపించింది. "తాడు!"

పదిహేడేళ్ళ కాపురంలో ఆ గొంతుకు ఆయన ఎదురాడి ఎరగడు. తాడు విసిరాడు. పక్కన పడింది. లాక్కుని మళ్ళీ విసిరాడు. ఈసారి ఆమె భుజం మీద పడింది.

"గట్టిగా పట్టుకో! వెల్లకిలా ఉండు! నేనున్నా!" తాను చెక్కల మీద బోర్లా పడుకుని, మెల్లగా లాగాడు.

ఆమె మెట్టెక్కేసరికి ఆయన చొక్కా మీద చుక్క నీళ్ళు లేవు.

"సొంత భార్య పడితేనే దూకనివాడివి, ఇక బొమ్మకేం దూకుతావు!" అధికారి కాగితం మీద సంతకం గీకాడు. "పాస్."

సరంగు మొహం చాటంతయింది. "చూశావా? నేను లేకపోతే ఏమయ్యేదానివే! కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిస్తే అంతే మరి."

"అవునండీ." ఆమె బుద్ధిగా జుట్టు పిండుకుంది.

"వణికిపోతున్నావు. నాకని తెచ్చినవే వేసుకో. ప్యాంటు వదులైతే బిగించుకోడానికి తాడుందిగా!"

నవ్వుతూ సంచి జిప్పు లాగాడు.

లోపలున్నవన్నీ ఆమె బట్టలే.